మైలేజ్ ఎంతిస్తాదప్పా?

బాగేపల్లి సర్వీసు రోడ్డు చివర ఒక్క క్షణం ఆగారు. కుడివైపు అద్దంలో హైదరాబాదు నుంచి వస్తున్న కంటైనర్ లారీ కనిపిస్తోంది. దాని ముందు ఖాళీ ఉంది, అది చాలు. రెండో గేరులో కాలు నొక్కారు. ఆర్‌పీఎం ముల్లు రెండు వేలు దాటీ దాటకముందే వీపు సీటుకు అతుక్కుంది. బానెట్ కింద నుంచి సన్నటి ఈల వినిపించింది. టర్బో తిరుగుతున్న చప్పుడది. మూడో గేరు, నాలుగో గేరు. లారీ ఇప్పుడు మీ వెనక అద్దంలో చిన్నగా ఉంది. పక్క సీట్లో మామ తలుపు మీది పట్టీ వదిలి, తువ్వాలు సర్దుకుని, "బో జోరుగుండాదే బండి" అన్నాడు. ఆ వెంటనే అసలు ప్రశ్న వేశాడు. "మైలేజ్ ఎంతిస్తాదప్పా?"

ఈ ప్రశ్నకు విసుక్కోకండి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఏడాది పొడుగునా పారే నది లేదు. వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేని బోర్లు, టమోటా ధర, ట్రాక్టరు డీజిలు, వీటి మధ్య బతికే మనిషి బండిని చూడగానే అడగాల్సిన మొదటి మాట అదే. సమాధానం సూటిగా చెప్పలేకపోవడమే మీ ఇబ్బంది. ఎందుకంటే మీ ముందున్న తెరలో ఈ క్షణాన 8 అని ఉంది. రెండు నిమిషాల కిందట సర్వీసు రోడ్డులో 19 ఉండింది.

మీ చేతిలో ఉన్నది 2020లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ. మూడు సిలిండర్లు, 999 సీసీ, 110 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్కు, ఆరు గేర్లు. ఇండియాలో పోలో అమ్మకాలు 2022లో ఆగిపోయాయి. అయినా బెంగళూరు నుంచి ఈ హైవే మీదికి వచ్చే కుర్రాళ్లలో దీన్ని వదులుకోలేని వాళ్లు చాలామంది. కంపెనీ చెప్పిన మైలేజ్ లీటరుకు 18.24 కిలోమీటర్లు. ఇక్కడ ఒక సంగతి గమనించండి. అదే పోలోలో టర్బో లేని 1.0 ఎంపీఐ ఇంజిన్ 76 పీఎస్‌దే, కానీ దాని లెక్క 17.74. ఎక్కువ బలమున్న ఇంజిన్‌కే కాగితం మీద ఎక్కువ మైలేజ్. అందులో మోసమేమీ లేదు. నెమ్మదిగా నడిపినప్పుడు అది నిజంగానే వెయ్యి సీసీ చిన్న ఇంజిన్. కాలు నొక్కినప్పుడు మాత్రం టర్బో గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది, ఆ గాలికి సరిపడా పెట్రోలు వెళ్తుంది, అప్పుడది పెద్ద ఇంజిన్‌లా ప్రవర్తిస్తుంది. ఒకే బానెట్ కింద రెండు ఇంజిన్లు ఉన్నాయనుకోండి. ఏది నడవాలో మీ కుడికాలు తేలుస్తుంది.

మరి 18.24 ఎక్కడ పుట్టింది? ప్రయోగశాలలో, రోలర్ల మీద. దాదాపు ఇరవై నిమిషాల పరీక్ష అది. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు, సగటు ముప్పై చిల్లర. ఏసీ ఉండదు, ఎదురుగాలి ఉండదు, పక్కన మామ ఉండడు, డిక్కీలో చెనక్కాయల మూట ఉండదు. ఒక కారును ఇంకో కారుతో పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. మీ జేబు లెక్కకు పనికిరాదు.

ఆరో గేరు వేసి వేగాన్ని 80 దగ్గర నిలపండి. ముల్లు రెండు వేల లోపు పడుకుంది. ఈల ఆగిపోయింది. అద్దం కొంచెం దించితే ఎండిన గడ్డి వాసన, ఎక్కడో కాలుతున్న చెత్త వాసన వస్తాయి. రెండువైపులా బండరాళ్ల గుట్టలు, వాటి మధ్య చెనక్కాయ చేలు. తెరలో అంకె నెమ్మదిగా ఎక్కుతోంది. 12, 14, 15. ఇరవై దాకా పోతుందని ఆశపడుతున్నారు, కానీ పోవడం లేదు. కారులో ఏదో తేడా ఉందన్న అనుమానం మొదలవుతుంది. తేడా కారులో లేదు, నేలలో ఉంది.

ఇందాక దాటిన చిత్రావతిని గుర్తు తెచ్చుకోండి. చిక్కబళ్లాపురం వైపు కొండల్లో పుట్టి, పరగోడు బ్యారేజీ దగ్గర ఆగి, పుట్టపర్తి మీదుగా పోయి పెన్నలో కలిసే నది అది. నీళ్లు అటు నుంచి ఇటు పారుతున్నాయంటే, ఇటు నుంచి అటు పోతున్న మీరు ఎత్తు ఎక్కుతున్నట్టే. బాగేపల్లి సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, చిక్కబళ్లాపురం 900 మీటర్ల పైన. నాలుగు వరుసల రోడ్డు ఎంత చదునుగా కనిపించినా, నలభై చిల్లర కిలోమీటర్లలో రెండొందల మీటర్లు పైకి పోతుంది. ఇద్దరు మనుషులతో పన్నెండు వందల కిలోల బండిని అంత ఎత్తుకు లేపడానికి అయ్యే పెట్రోలు దాదాపు పావు లీటరు. చదును నేల మీద ఈ దూరానికి రెండున్నర లీటర్లు పడుతుందనుకుంటే, పైకి వెళ్లేటప్పుడు పావు ఎక్కువ, కిందికి వచ్చేటప్పుడు దాదాపు పావు తక్కువ. అంటే అదే కాలు, అదే వేగం, అటు పోతే 15, ఇటు వస్తే 19. బెంగళూరు నుంచి ఊరికి వచ్చిన రోజు స్నేహితులకు మైలేజ్ చెప్పి మురిసిపోయేవాళ్లు, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణంలో బండిని షెడ్డుకు తీసుకెళ్లాలా అని కంగారు పడేవాళ్లు ఒక్కరే. రెండు దారులూ కలిపి చూస్తే తప్ప ఈ రోడ్డు మీద మైలేజ్ తెలియదు.

ఎత్తు వల్ల చిన్న లాభం కూడా ఉంది. ఇక్కడి గాలి సముద్రతీరంలో కంటే పదో వంతు దాకా పల్చన. బండిని వెనక్కి నెట్టే గాలి ఆ మేరకు తగ్గుతుంది. మామూలు ఇంజిన్ అయితే ఈ పల్చటి గాలికి బలం కూడా కోల్పోతుంది. టర్బో ఆ లోటును తానే ఒత్తి పూడ్చుకుంటుంది. దక్కన్ పీఠభూమికి చిన్న టర్బో ఇంజిన్ బాగా నప్పుతుందని నేను గట్టిగా చెప్పేది అందుకే.

పెరేసంద్ర దగ్గరపడుతోంది. వెనక నుంచి తెల్ల ఎస్‌యూవీ ఒకటి లైట్లు కొడుతూ వచ్చి, సర్రున దాటిపోయింది. మీ కాలు దానంతట అదే కిందికి దిగుతుంది. 100, 110, 120. ఇప్పుడు స్టీరింగ్ ఎంత హాయిగా బరువెక్కిందో, బండి రోడ్డును ఎలా పట్టుకుందో మీకు తెలుస్తోంది. అది నిజమైన ఆనందమే, కాదనను. కానీ తెర చూడండి. 11. గాలి నిరోధం వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 120కి వెళ్తే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి వెనక్కి నెట్టే బలం మాత్రం రెండుంపావు రెట్లు. దానికి బదులుగా వచ్చేదేమిటి? బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం దాకా 80లో పోతే అరగంట పైన ఒకటి రెండు నిమిషాలు, 120లో ఇరవై ఒక్క నిమిషాలు. పది నిమిషాలు మిగులుతాయి, లీటరు పైగా పెట్రోలు పోతుంది. ఇలాంటి నాలుగు వరుసల రోడ్డు మీద కార్లకు కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం 100, కాబట్టి జరిమానా కూడా తోడవ్వచ్చు. నా మాట వింటే 90 దగ్గర ఆగండి. ఈ కారులో 120 ఒక పరిచయం లాంటిది, ఒకసారి చూస్తే చాలు. దాని అసలు రుచి అక్కడ లేదు. అది ఇంకో గంటలో తెలుస్తుంది.

మామ ఇంతలో బంకు మాట ఎత్తాడు. పొద్దున మీరు బాగేపల్లిలో ట్యాంకు నింపేటప్పుడు ముందున్న మూడు బండ్లూ ఏపీ నంబర్లవే. "ఆంధ్రావోళ్లంతా ఈడికే వస్తారప్పా" అంటాడాయన. ఎందుకు రారు? 2024 జూన్‌లో కర్ణాటక అమ్మకం పన్ను పెంచి పెట్రోలు మీద మూడు రూపాయలు వేసింది. బెంగళూరులో లీటరు 102.86 అయింది. అయినా సరిహద్దు అవతల ధర 109 దాటే ఉండింది. అక్కడ 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు వ్యాట్, రోడ్ల పేరిట ఇంకో రూపాయి సెస్సు. కొడికొండ చెక్‌పోస్టు ఇవతల ట్యాంకు నింపుకోవడం ఈ దారిన పోయే ప్రతి లారీ డ్రైవరుకూ తెలిసిన విద్య. దారిలో ఉన్నప్పుడు నింపుకుంటే లాభమే, 35 లీటర్లకు రెండొందల ఇరవై రూపాయల పైన మిగులుతుంది. దాని కోసమే కొడికొండ నుంచి పనిగట్టుకుని వచ్చి వెళ్తే పాతిక కిలోమీటర్ల దాకా తిరగాలి. లీటరుకు 15 ఇచ్చే బండిలో నూట డెబ్బై రూపాయలు అక్కడే కాలిపోతాయి. లారీకి కుదిరిన లెక్క మీకు కుదరదు.

ఆ ట్యాంకులో పడిన దాంట్లో ఐదో వంతు ఇథనాల్ అన్న సంగతి కూడా మరవకండి. దేశం 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి 2025 నాటికే అందుకుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. పాత కార్లలో ఆరేడు శాతం మైలేజ్ తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికలోనే ఉంది. అంటే ఒకప్పుడు 16 ఇచ్చిన మీ పోలో ఇప్పుడు 15 ఇస్తే, అందులో మీ కాలి తప్పూ లేదు, మెకానిక్ తప్పూ లేదు. దీనికి ఇంకో ముఖం ఉంది. ఇథనాల్‌తో ఆక్టేన్ పెరుగుతుంది, కొత్త ప్రమాణం ప్రకారం అది 95. ఒత్తిడి ఎక్కువుండే టర్బో ఇంజిన్‌కు ఆక్టేన్ మేలే చేస్తుంది. ఖరీదైన ప్రీమియం పెట్రోలు పోస్తే మైలేజ్ పెరిగి ఆ అదనపు డబ్బు తిరిగొస్తుందనుకోవడం మాత్రం భ్రమ. పెట్రోలు మూత వెనకున్న చీటీ ఏ ఆక్టేన్ అడుగుతుందో అది పోయండి. ఆ డబ్బు మిగుల్చుకుని టైర్లలో గాలి చూపించుకోండి. దానికి డబ్బే అక్కర్లేదు.

చిక్కబళ్లాపురం దాటి నంది కొండ దారి పట్టారు. ద్రాక్ష తోటలు వచ్చాయి, గాలి చల్లబడింది. ఎదురుగా కొండ. సముద్రమట్టానికి 1478 మీటర్లు. ఘాట్ మొదట్లో బైకుల గుంపు, కొబ్బరిబొండాల బండి. మొదటి మలుపు.

రెండో గేరు. బ్రేకు వదిలి, మలుపు మధ్యలో స్టీరింగ్ తిప్పి, బయటికి వస్తూ కాలు నొక్కండి. 175 న్యూటన్ మీటర్ల టార్కు మొత్తం పదిహేడు వందల యాభై ఆర్‌పీఎం దగ్గరే దొరుకుతుంది. ఇంజిన్‌ను అరిపించనక్కర్లేదు. బండి మలుపులోంచి తనే పైకి ఎగబాకుతుంది. మూడో గేరు, మళ్లీ బ్రేకు, మళ్లీ రెండు. ముందు చక్రాలు తారును కరుచుకున్న తీరు అరచేతులకు తెలుస్తోంది. ఎదురుగా బస్సు. ఎడమకు ఒదిగి, పోనిచ్చి, మళ్లీ లాగండి. ఎడమవైపు లోయ ఒక్కో మలుపుకూ లోతవుతోంది. మామ ఇప్పుడు పట్టీ పట్టుకోలేదు, నవ్వుతున్నాడు. ఇందుకే కొన్నారు మీరు ఈ కారు. హైవే మీద ఏ కారైనా 120 వెళ్తుంది. ఈ కొండ మీద మాత్రం ఇలా నడిచేవి కొన్నే.

తెరలో 6. ఒక్కోసారి 5. భయపడకండి, ఇది కొండ అడిగే కప్పం. కింది నుంచి పై దాకా అయిదొందల యాభై మీటర్లు లేపాలి. ఒక్క ఆ ఎత్తుకే ముప్పావు లీటరుకు కాస్త తక్కువ పెట్రోలు కావాలి. ఎంత పొదుపుగా నడిపినా అది తప్పదు. మీ వల్ల అదనంగా పోయేది కాలు నేలకు తాకించి ఉంచినప్పుడే. అప్పుడు టర్బో, దాని వెనకున్న కెటలిటిక్ కన్వర్టరు వేడికి దెబ్బతినకుండా ఇంజిన్ కంప్యూటరు అవసరానికి మించి పెట్రోలు చిమ్ముతుంది. ఆ పెట్రోలు బలానికి కాదు, చల్లదనానికి. ముక్కాలు వంతు నొక్కితే వచ్చే ఆనందానికీ పూర్తిగా నొక్కితే వచ్చే ఆనందానికీ తేడా వెంట్రుక వాసి. ఖర్చులో తేడా అంతకంటే చాలా ఎక్కువ.

పైన గేటు దగ్గర వరస. ఇంజిన్ తిరుగుతోంది, ఏసీ నడుస్తోంది, బండి కదలడం లేదు. "సుమ్నే నిలబెట్టి యాల కాలుస్తావ్, ఆపు" అన్నాడు మామ. నిజమే. నిలబడి ఉన్న ఈ చిన్న ఇంజిన్ కూడా ఏసీతో గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. పావుగంట వరస అంటే రెండున్నర కిలోమీటర్లకు పైగా పోవాల్సిన పెట్రోలు. ఆపండి.

దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు ఆదా అని మామ తరం డ్రైవర్లంతా నమ్ముతారు. కార్బురేటర్ బండ్లకు ఆ నమ్మకంలో కొంత నిజం ఉండేది. ఈ బండికి లేదు. రెండో గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా వదలండి. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి, ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి. చుక్క పెట్రోలు కూడా పోదు. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. పైగా బరువంతా బ్రేకుల మీద పడుతుంది. నంది ఘాట్‌లో కాలిన బ్రేకుల వాసన ఆదివారాలు ఎవరికైనా తగులుతుంది. గేరులో దిగితే పెట్రోలూ మిగులుతుంది, ప్రాణమూ మిగులుతుంది. తెరలో అంకె అమాంతం ఎగిరింది చూశారా. మామ వంగి చూసి, ఏమీ అనకుండా మళ్లీ వెనక్కి ఆనుకున్నాడు.

చిక్కబళ్లాపురం ఊళ్లో ట్రాఫిక్ గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. మొదటి గేరు, రెండో గేరు, హారన్లు, 9. అక్కడ ఏ కారుకైనా అదే గతి.

శిడ్లఘట్ట దారి ఎక్కాక మళ్లీ ఊపిరి ఆడుతుంది. పట్టుగూళ్ల బుట్టలతో ఆటోలు, రెండు వరుసల రోడ్డు, అప్పుడప్పుడు గొర్రెల మంద. ఇక్కడ మైలేజ్ తేల్చేది వేగం కాదు, చూపు. రెండొందల మీటర్ల ముందున్న ట్రాక్టరును ఇప్పుడే చూసి కాలు తీసేస్తే బండి గేరులోనే నెమ్మదిస్తుంది, బ్రేకు అక్కర్లేదు. చివరిదాకా పరిగెత్తి బ్రేకు వేస్తే, అప్పటిదాకా పెట్రోలు పోసి కూడగట్టిన వేగమంతా బ్రేకు డిస్కుల దగ్గర వేడిగా మారిపోతుంది. ఎదురుగా ఖాళీ దొరికిందా, మూడో గేరు వేసి ఒక్క నొక్కు నొక్కి ట్రాక్టరును దాటేయండి. ఆ నాలుగు సెకన్లకు పోయే పెట్రోలు కొన్ని చెంచాలే. ఎదుటి లేన్‌లో మీరుండే సమయం బాగా తగ్గుతుంది. బలమున్న చిన్న కారు మనిషికి ఇచ్చే భద్రత ఇదే. ఈ ఒక్క పనిలో టర్బో వాడటానికి ఎప్పుడూ వెనకాడకండి.

చింతామణి. బంకులో ఆగి మళ్లీ నింపించండి. పైపు దానంతట అది ఆగగానే చాలనండి, గుండ్రటి అంకె కోసం ఇంకా పోయించొద్దు. 130 కిలోమీటర్లు తిరిగారు, తొమ్మిది లీటర్లు దాటి పట్టింది. లీటరుకు 14. తెర మాత్రం 15 అంటోంది. తెర చెప్పే సగటు కాస్త ఎక్కువే చూపడం చాలా కార్లలో మామూలు. ట్యాంకు నుంచి ట్యాంకు లెక్కే నమ్మండి.

టీ కొట్టు ముందు మామ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టాడు. "పద్నాలుగంటే మరీ తక్కువ కదప్పా. మా పక్కింటోళ్ల స్విఫ్ట్ పందొమ్మిది ఇస్తాది." ఇస్తుంది, అది నిజం. 2024లో వచ్చిన స్విఫ్ట్ మాన్యువల్‌కు కాగితం మీద 24.8, రోడ్డు మీద పందొమ్మిది తేలిగ్గా వస్తుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే మీకు 71 లీటర్లు, వాళ్లకు 53. తేడా 18 లీటర్లు, 103 రూపాయల ధరకు పద్ధెనిమిది వందల యాభై. నెలకు రెండు వేల కిలోమీటర్లయితే మూడు వేల ఏడొందలు, ఏడాదికి నలభై నాలుగు వేల పైన. మామ కాసేపు ఆలోచించి, "వెయ్యి కిలోమీటర్లకు రెండు వేల రూపాయలంటే రెండు కోళ్ల ఖర్సు. నువ్వు సంతోషంగుంటే పర్వాలేదులే" అన్నాడు.

ఈ కారును సెకండ్ హ్యాండ్‌లో కొనబోయే వాళ్లకు నా మాట ఇది. బ్రోచర్ అంకెలోంచి నాలుగో వంతు తీసేయండి. మిగిలిన దాంతో మీ నెల తిరుగుడు లెక్కేయండి. వెయ్యి కిలోమీటర్ల లోపయితే నిశ్చింతగా కొనండి, మైలేజ్ మాట మళ్లీ ఎత్తకండి. రోజూ చింతామణి నుంచి బెంగళూరు వెళ్లి వచ్చేవాళ్లు, నెలకు రెండు వేలు దాటేవాళ్లు ఈ కారు జోలికి పోవద్దు. ఎంత ఇష్టమున్నా ఆరు నెలల్లో ఆ ఇష్టాన్ని బంకు బిల్లు తినేస్తుంది. కొన్నాక మాత్రం హైవే మీద 90 దాటకండి, ఘాట్ రోడ్డులో పొదుపు గురించి ఆలోచించకండి.